మోడ్ అనగా అవస్థ



నా గణకయంత్రంలో ఒక దస్త్రం ఉన్నది. దాన్ని తెరిస్తే కనిపించేది ఒకే ఒక్క అక్షరం, 'సు'. 2007 నుంచి ఇప్పటికి మా ఇంట్లో యంత్రాలు మూడు మారాయి. మారినప్పుడల్లా, గృహప్రవేశంలో దేవుడి పటాన్ని ముందుగా తీసుకుపోయినట్టు, కొత్త యంత్రంలోకి ఆ దస్త్రాన్నే ముందుగా తీసుకుపోతున్నాను. మా అబ్బాయి నవ్వుతాడు. ఆ 'సు' కథ చెప్పాలంటే కాలిఫోర్నియాలో యాభై ఏళ్ల కిందట జరిగిన సంగతి ఒకటి ముందు చెప్పాలి. అది తెలిసిన తర్వాతనే నా దుఃఖానికి కూడా ఒక వంశవృక్షం ఉన్నదని నాకు బోధపడింది.

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సభలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఒక చిన్న పెట్టెను బల్ల మీద జరుపుతూ, తెర మీద గుర్తును కదిలించి చూపాడు. అదే మన మౌసుకు మూలపురుషుడు. తర్వాత జిరాక్స్ సంస్థ పాలో ఆల్టోలో నెలకొల్పిన పరిశోధనాలయంలో 1973లో ఆల్టో అనే యంత్రం తయారైంది. తెర కాగితంలాగా నిలువుగా ఉండేది. రాసినది కాగితం మీద ఎట్లా అచ్చుపడుతుందో అట్లాగే తెర మీద కనిపించాలని వాళ్ల సంకల్పం. దాని మీద రాత పనికి 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ అనేవారు బ్రావో అనే ఉపకరణాన్ని సిద్ధం చేశారు. ఈ సిమోనీ తర్వాతి కాలంలో మైక్రోసాఫ్ట్‌లో చేరి వర్డ్‌కు దారి వేసినవాడు.

బ్రావోలో ఒక తిరకాసు ఉండేది. మీటలు ఒకప్పుడు అక్షరాలు, ఒకప్పుడు ఆజ్ఞలు. ఆజ్ఞాస్థితిలో 'ఇ' నొక్కితే 'అంతా ఎంచుకో', 'డి' నొక్కితే 'తీసివేయి', 'ఐ' నొక్కితే 'ఇక్కడ చేర్చు'. రాయడానికి సిద్ధంగా ఉన్నాననుకొని ఎవరైనా 'ఎడిట్' అనే మాటను నాలుగు మీటలతో కొట్టారనుకోండి. మొదటి మీటకు మొత్తం పత్రం ఎంపికయ్యేది, రెండో మీటకు మాయమయ్యేది, మూడో మీటకు యంత్రం రాతకు సిద్ధపడేది, నాలుగో మీటకు 'టి' అన్న ఒక్క అక్షరం తెర మీద నిలిచేది. సవరించబోయినవాడికి మిగిలేది 'టి'. ఇది ఆ పరిశోధనాలయంలో అందరికీ కంఠోపాఠమైన ముచ్చట.

ఈ రకపు స్థితిభేదాన్ని ఇంగ్లీషులో మోడ్ అంటారు. నేను దాన్ని 'అవస్థ' అని అనువదిస్తాను. జాగ్రదవస్థ, స్వప్నావస్థ అన్నప్పుడు అది స్థితి. "ఏమిటండీ ఈ అవస్థ" అన్నప్పుడు అది బాధ. రెండర్థాలూ ఒకే మాటలో ఇమిడిన భాష మనది. ఈ ఒక్క పారిభాషిక పదం విషయంలో మూలం కన్నా అనువాదమే మేలని నా అభిప్రాయం.

ఈ అవస్థను తొలగించాలని పట్టుబట్టినవాడు లారీ టెస్లర్. పాఠ్యపుస్తకాలు వేసే గిన్ అనే ప్రచురణ సంస్థ అప్పట్లో జిరాక్స్ చేతిలో ఉండేది. టిమ్ మాట్, టెస్లర్ ఆ సంస్థవాళ్ల కోసం జిప్సీ అనే రాత ఉపకరణాన్ని చేశారు. చేయడానికి ముందు అక్కడి సంపాదకులు కాగితాల మీద ఎట్లా పని చేస్తున్నారో గమనించారు. వాళ్లు కత్తెరతో కత్తిరించి, జిగురుతో అతికించేవారు. ఈనాడు మనం కంట్రోలు మీటతో చేసే కట్, పేస్ట్ ఆ బల్ల మీది కత్తెరా జిగురే. జిప్సీలో అక్షరం మీట ఎప్పుడూ అక్షరమే. టెస్లర్ ఈ విషయంలో ఎంత పంతం గలవాడంటే, అవస్థలు వద్దని చెప్పే 'నోమోడ్స్' అన్న మాటను తన కారు నంబరు పలక మీద పెట్టుకొని తిరిగాడు. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు పత్రికలు కట్, కాపీ, పేస్ట్ సృష్టికర్త అని రాశాయి. పంతం సంగతి కొందరే రాశారు.

అదే టెస్లర్ తర్వాత ఆపిల్‌లో చేరి, లీసా అనే యంత్రం తయారవుతున్న రోజుల్లో, బయటినుంచి మామూలు మనుషులను తెచ్చి యంత్రం ముందు కూర్చోబెట్టి, వాళ్లెక్కడ తడబడుతున్నారో చూసేవాడు. ఏదైనా పని చేయవచ్చునా అని యంత్రం అడిగినప్పుడు ఒప్పుకోవడానికి నొక్కవలసిన గుర్తు మీద మొదట 'డూ ఇట్' అని రాసి ఉండేది, 'కానివ్వు' అని అర్థం. ఒకాయన దాన్ని చూసి చిరాకుపడి వేరే గుర్తే నొక్కుతున్నాడు. కారణమేమని అడిగితే, "నన్ను మూర్ఖుడని ఎందుకంటున్నది?" అన్నాడట. ఆ రెండు పదాల మధ్య ఎడం సరిగా కనపడక, పెద్ద 'ఐ' అక్షరం చిన్న 'ఎల్' వలె తోచి, ఆయన దాన్ని 'డోల్ట్' అని చదివాడు. ఆ మాటకు ఇంగ్లీషులో మందబుద్ధి అని అర్థం. ఆ తర్వాత దాని చోట 'ఓకే' వచ్చింది. నేటికీ అదే నొక్కుతున్నాము.

పదవిభాగం చెప్పే రోజుల్లో నేను పిల్లలకు ఒక వాక్యం ఇచ్చేవాడిని: "అమ్మ నాకుండనిచ్చినది". కొందరు 'నా కుండ' అనేవారు, తిండి మీద ధ్యాస ఉన్నవారు 'నాకు ఉండ' అనేవారు. ఉత్వసంధి తెలియనివాడికి కుండ దక్కుతుంది, తెలిసినవాడికి మినపసున్ని ఉండ దక్కుతుంది. అక్షరం మధ్య ఎడం ఎంత పని చేస్తుందో పంతుళ్లకు వేల ఏళ్లుగా తెలుసు. యంత్రాలు చేసేవారు 1980ల్లో కనుగొన్నారు. అయితే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని "ఎందుకు చిరాకుపడ్డావు" అని అడిగారు చూడండి, నాకు ఆ చరిత్ర మొత్తంలో నచ్చినది అది.

1981లో జిరాక్స్ స్టార్ వచ్చింది. తెరనే ఆఫీసు బల్లగా చూపి, దాని మీద కాగితాలు, అరలు, ఉత్తరాల బుట్ట బొమ్మలుగా పెట్టింది అదే. 1983లో లీసా వచ్చింది, వెల 9,995 డాలర్లు. కొనేవారు లేక చతికిలబడింది. 1984 జనవరి 24న వచ్చిన మాకింతోష్ 2,495 డాలర్లు. దానికి జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, 400 కిలోబైట్ల ఫ్లాపీ ఒక్కటే ఆధారం.

మాకింతోష్ ఎంత అందంగా ఉన్నా అందులో ఒక వింత ఉండేది. ఫ్లాపీని బయటికి తీయాలంటే దాని బొమ్మను లాక్కుపోయి చెత్తబుట్టలో పడవేయాలి. దస్త్రాన్ని బుట్టలో వేస్తే పోతుంది, ఫ్లాపీని వేస్తే మాత్రం భద్రంగా చేతికి వస్తుంది. కొత్తవాడి గుండె ఆగినంత పని. దీనికి కారణం లేకపోలేదు. ఫ్లాపీ పెట్టే చోటు ఒక్కటే కాబట్టి, ఒకటి తీసి మరొకటి పెట్టినప్పుడు పాతదానిని యంత్రం మరచిపోకుండా, దాని బొమ్మను మసకగా తెర మీద ఉంచేది. ఇక అక్కరలేదనుకొంటే ఆ మసక బొమ్మను బుట్టలో వేయాలి. తీయడం ఒకటి, బొమ్మను పారవేయడం ఒకటి, రెండు పనులెందుకని కలిపివేశారు. చేసినవాళ్లకు అది సులభమార్గం, చూసినవాళ్లకు అది ఘోరం. 2001లో వచ్చిన కొత్త తరం మాక్ వ్యవస్థలో, ఫ్లాపీనో మరొకదానినో లాగుతున్నప్పుడు ఆ బుట్ట బొమ్మ బయటికి తీసే గుర్తుగా మారేటట్టు సవరించారు. అంటే పదిహేడేళ్లు పట్టింది.

మన ఊళ్లలో అప్పటికి ఇవేవీ లేవు. మనకు మొదట తెలిసినది నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గల డాస్. ఫ్లాపీ చదవలేకపోతే "అబార్ట్, రీట్రై, ఫెయిల్?" అని అడిగేది. గర్భస్రావమా, మళ్లీ ప్రయత్నమా, తప్పిపోవడమా? పదో తరగతి పరీక్ష ముందు పిల్లవాడిని అడిగే ప్రశ్న వలె ఉండేది నాకు. దస్త్రానికి పేరు ఎనిమిది అక్షరాలకు మించరాదు, దాని వెనుక మూడక్షరాల తోక. ఇంగ్లీషు లిపిలో ఎనిమిది అక్షరాలు పెట్టి మన కావ్యాలకు నామకరణం చేసి చూడండి. మనుచరిత్ర 'మనుచార్' అవుతుంది, వసుచరిత్ర 'వసుచార్' అవుతుంది. ప్రబంధాలు రెండూ చారులుగా మారి కంచంలోకి వస్తాయి. ఆముక్తమాల్యద 'ఆముక్తమా' దగ్గర ఆగి ప్రశ్నార్థకమవుతుంది. ఈ నియమం 1995 దాకా సాగింది.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. ఇందులోని స్టార్ట్ మీట గురించి లోకమంతా ఒకే ఎగతాళి చేసింది, ఆపడానికి ఆరంభం నొక్కవలెనా అని. నేనూ చేశాను. తర్వాత అసలు సంగతి చదివి కొంత మెత్తబడ్డాను. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన కెంట్ సల్లివన్ 1996లో ఒక పత్రంలో తమ అనుభవం వివరించాడు. అంతకుముందరి విండోస్‌లో కొత్తవారు రెండుసార్లు టకటక నొక్కడం చేతగాక, ఒక కిటికీ వెనుక మరొక కిటికీ పడితే మొదటిది పోయిందనుకొని భయపడేవారు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, తెర ముందు కూర్చున్నవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం. అందుకని తొలి నమూనాల్లో వేరు వేరుగా ఉన్న గుర్తులను కలిపి ఒకటి చేసి, 'మొదలు' అని రాశారు. అదీ చాలక, "మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కండి" అని ఒక బాణం గుర్తు అటువైపు జరుగుతూ వచ్చేది. అంటే అది ఒక ప్రశ్నకు నిజాయితీగా ఇచ్చిన జవాబే. రెండో ప్రశ్న, ముగించడం ఎక్కడ అన్నది, ఎవరో చివర్లో గుర్తుచేస్తే అందులోనే ఇరికించినట్టున్నది. అప్పటి యంత్రాలు తమంతట తాము ఆరిపోయేవి కూడా కావు. "ఇప్పుడు నన్ను ఆర్పినా ప్రమాదం లేదు" అని నారింజరంగు అక్షరాలలో చెప్పి, మన చేతికోసం ఎదురు చూసేవి.

వ్యాకరణం చదివినవాడిని గనుక ఒక పిడకల వేట. ఆ తెర మీద 'మై కంప్యూటర్' అని ఉండేది. 'నా' అంటున్నది ఎవరు? నేనైతే, నా మాట నా అనుమతి లేకుండా ఎవరు రాసిపెట్టారు? యంత్రమైతే, అది తనను తాను తనదని చెప్పుకొంటున్నదా? ఉత్తమపురుష ఎవరిదో తేలని వాక్యానికి నేను మార్కులు వేయను. విస్టాలో 'నా' పోయి ఊరికే 'కంప్యూటర్' మిగిలింది, 8.1లో 'ఈ పీసీ' అయింది. ఉత్తమపురుష నుంచి నిర్దేశసర్వనామానికి రావడానికి 18 ఏళ్లు. ఇక ఏదైనా పొరపాటు జరిగినప్పుడు, "ఈ ప్రోగ్రాము చట్టవిరుద్ధమైన పని చేసినది, మూసివేయబడును" అని వచ్చే హెచ్చరికకు భయపడినవారు నాకు తెలుసు. చట్టం అన్న మాట వినగానే మా ఊరి జనం స్టేషను దాకా ఊహిస్తారు.

తెలుగు సంగతికి వద్దాము. యూనికోడ్ మొదటి కూర్పు 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. కానీ చోటు వేరు, వాడుక వేరు. అంతకాలమూ మన అచ్చు పని అంతా, ఇంగ్లీషు అక్షరాల అరల్లో తెలుగు ముక్కలు దాచిన ఫాంట్లతో సాగింది. తలకట్టు ఒక అరలో, వత్తు ఒక అరలో. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కావ్యం కాస్తా గారడీవాడి మంత్రంలా కనిపించేది. 2000లో వచ్చిన విండోస్‌లో హిందీ, తమిళం కనిపించాయిగాని తెలుగు లేదు. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే ఫాంటుతో తెలుగు వచ్చింది. వచ్చినా, అది గదిలో తాళం వేసి పెట్టిన చుట్టంలాగా ఉండేది. కంట్రోల్ పానెల్లోకి పోయి, ప్రాంతీయ, భాషా విషయాల పెట్టె తెరిచి, అందులో భాషల పుట పట్టుకొని, 'సంక్లిష్ట లిపులు' అన్నచోట టిక్కు పెట్టాలి. పెడితే అది సీడీ అడిగేది. సీడీ ఎవరి దగ్గర ఉండేది? అమ్మినవాడు ఇచ్చి ఉండడు. మన లిపిని సంక్లిష్టమన్న ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది. తెలుగు లిపి మా ఊరి పిల్లలకు నెల రోజుల పని. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడం అంతకంటె ఎక్కువ పట్టింది.

కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని, ఇవి లేకపోతే మనలో చాలామంది కలుసుకొనేవారమే కాదు. అది మీకు నేను చెప్పేదేమీ కాదు.

కానీ ఒక సంగతి గమనించండి. 1975 ప్రాంతంలో టెస్లర్ ఇంగ్లీషు రాసేవారిని అవస్థల నుంచి విడిపించాడు. మనకు మాత్రం ఆ అవస్థ తిరిగి వచ్చింది. మన మీటలకు ఎప్పుడూ రెండు జన్మలు. ఇప్పుడు నొక్కితే తెలుగా, ఇంగ్లీషా? తెర మూలలో ఎక్కడో రెండక్షరాల గుర్తు చెబుతుంది, కళ్లజోడు సవరించుకొని చూడాలి. దస్త్రానికి పేరు పెట్టేటప్పుడు ఇంగ్లీషు, లోపల తెలుగు, సంకేతపదం దగ్గర మళ్లీ ఇంగ్లీషు. చూడకుండా నాలుగు వాక్యాలు కొట్టి తలెత్తితే అర్థంలేని అక్షరాల బారు. ఇది ఒక్క తెలుగువాడి బాధ కాదు, రెండు లిపులతో బతికే ప్రతివాడి బాధ. కానీ ఈ చరిత్ర రాసిన ఇంగ్లీషు పుస్తకాల్లో అవస్థల సమస్య తీరిపోయినట్టే ఉంటుంది.

ఇప్పుడు 'సు'.

చీరాల ప్రాంతంలో ఒక నేతగాళ్ల ఊరి బడిలో నేను చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లలు మగ్గాల గుంటల దగ్గర పెరిగినవారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం రెండో సంపుటం, చేనేత పదాలతో, 1971లో వచ్చింది. దాన్ని నేను బడిలో పిల్లలకు చదివి వినిపిస్తే, "ఈ మాట మా ఇంట్లో ఇట్లా అనరు సార్" అని దిద్దేవారు. అట్లా మొదలైంది. పిల్లలు చీటీల మీద రాసి తెచ్చేవారు. సెలవు రోజుల్లో నేనే ఇళ్లకు పోయి కూర్చొని రాసుకొనేవాడిని. పడుగు, పేక, నాడె, కండె వంటివి అందరికీ తెలిసిన మాటలు. నాకు కావలసినవి నూలు తెగినప్పుడు అనే మాటలు, అంచు తప్పినప్పుడు అనే మాటలు, కూలి తక్కువిచ్చిన షావుకారును చాటుగా అనే మాటలు. ఒక వృద్ధుడు నాకు ఇటువంటివి నూటయాభై దాకా చెప్పాడు. "ఇవన్నీ రాసి ఏం చేస్తావు పంతులూ, నేసేవాడే లేకపోతుంటే" అనేవాడు, అంటూనే చెప్పేవాడు.

2006లో యంత్రం కొని, వాటిని ఎక్కించడం మొదలుపెట్టాను. ఏడాది పైన పట్టింది. ఒక చీటీ ఎక్కించాక దాన్ని చింపివేసేవాడిని. ఇంక యంత్రంలో పదిలం గదా అన్న ధీమా. ఆరువందల మాటల దగ్గర ఒకసారి కాగితం మీద అచ్చు తీశాను. ఆ తర్వాత సిరా ఖరీదని తీయలేదు. మాటలు వెయ్యి దాటాయి.

ఆ రాత్రి నేను సవరించబోయిన మాట 'ఆసు'. పడుగు పోసుకొనే సాధనం. ఇంగ్లీషు లిపిలో కొట్టే పద్ధతిలో దీర్ఘం రావాలంటే షిఫ్ట్ పట్టుకొని 'ఎ' నొక్కాలి. నా చిటికెనవేలు ఒక వరుస కిందికి జారింది. షిఫ్ట్ కింద ఉన్నది కంట్రోలు. కంట్రోలుతో 'ఎ' అంటే 'అంతా ఎంచుకో'. తెర నల్లబడింది. నేను తల వంచి మీటలు చూస్తున్నాను, తెర చూడలేదు. 'సు' కొట్టాను. తలెత్తేసరికి తెల్లని కాగితం, దాని మొదట్లో 'సు'.

చేసిన పనిని వెనక్కి తీసుకొనే మీట ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, తెర మీద కనపడలేదు. భయపడి, ఏదీ ముట్టుకోకుండా మూసివేద్దామని కిటికీ మూశాను. యంత్రం ఒక ప్రశ్న వేసింది, మార్పులను భద్రపరచవలెనా అని. 'భద్రం' అన్న మాట ఒక్కటే నా కంటికి ఆనింది. నా మాటలు భద్రంగా ఉండాలనే గదా నా ప్రార్థన. అవునన్నాను.

మర్నాడు తెలిసినవారు వచ్చి చూసి, "ముందే ఒక్క మీట నొక్కితే సరిపోయేది మాస్టారూ" అన్నారు. తప్పు నాదేనని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆసులో కండెలాగా మళ్లీ ఆ ఊరంతా తిరిగాను. ఆ వృద్ధుడు అప్పటికే కాలం చేశాడు. అచ్చు తీసిన ఆరువందలు ఉన్నాయి, పిల్లలనూ పెద్దలనూ అడిగి మరో రెండువందలకు పైగా కూడగట్టాను. మిగిలిన వాటిలో కొన్నిటి ధ్వని చెవిలో ఉన్నది, అర్థం చేతికందదు. కొన్నిటికి అదీ లేదు. వాటిని ఇంకెవరైనా ఎక్కడైనా రాసి ఉంచారేమో తెలియదు.

చాలా ఏళ్లకు ఆ బ్రావో కథ చదివాను. ఎడిట్ కొడితే 'టి' మిగిలిన కథ. చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. నా 'సు'కు ముందు ఒక 'టి' ఉన్నదన్నమాట. 1979లో మాకింతోష్ పనికి నాంది పలికిన జెఫ్ రాస్కిన్, 2000లో రాసిన తన పుస్తకంలో, మనిషి చేసిన పనికి యంత్రం హాని చేయకూడదు, చూస్తూ ఊరుకొని హాని జరగనివ్వనూ కూడదు అన్న భావం ప్రతిపాదించాడు. ఒక్కసారి వెయ్యి మాటలు పోయి ఒక్క అక్షరం మిగిలితే, ఆ తేడా యంత్రానికి తెలియదా? తెలుసు, లెక్కలు దాని పని. దాన్ని అడగమని ఎవరూ చెప్పలేదు అంతే.

తర్వాతి చరిత్ర మీకు తెలిసినదే, త్వరగా దాటిపోతాను. అడగడం నేర్పితే అదీ అతి అయింది. 2007 జనవరిలో వచ్చిన విస్టా ప్రతి పనికీ "నిశ్చయమేనా?" అని తెర మసకచేసి అడిగేది. ఆ ఏర్పాటు వాడేవారిని విసిగించడానికే పెట్టామని, అట్లా విసిగితేనే ప్రోగ్రాములు రాసేవారు దారికి వస్తారని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు 2008లో ఒక సభలో బాహాటంగానే చెప్పాడు. ఇది గురువు తప్పు చేస్తే శిష్యుణ్ణి బెంచీ ఎక్కించడం. వందసార్లు అడిగినవాడికి నూటొకటోసారి చూడకుండానే అవునంటాము. 2012 అక్టోబరులో విండోస్ 8 ఆ పాత స్టార్ట్ మీటను తీసివేసింది. పదిహేడేళ్లు నవ్విన జనం అది కనపడకపోయేసరికి గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాది 8.1లో తిరిగి తెచ్చారు. 2016లో కొత్త కూర్పుకు మారమని వచ్చే పెట్టెను మూలనున్న ఇంటూ గుర్తుతో మూసినా, వద్దన్నట్టు కాక ఒప్పుకొన్నట్టే లెక్కవేసుకొన్నారు. ఇరవై ఏళ్లుగా 'వద్దు' అని నేర్పిన గుర్తుకు రాత్రికి రాత్రి 'సరే' అని అర్థం మార్చడం! విమర్శలు వచ్చాక సవరించారు. వీటిలో ఏదీ నన్ను అంతగా కదిలించలేదు, ఒక్కటి తప్ప.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఆపిల్ ఫోన్లనూ, మాక్ యంత్రాలనూ కూల్చివేస్తున్నదని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలోని జ్ఞా. మామూలుగా రాసిన జ్ఞా కాదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఆ కనపడని గుర్తు మనకు అవసరమైనదే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు పొల్లు పొల్లుగా నిలవాలంటే అది పెట్టాలి, లేకపోతే వకారం వెళ్లి టకారం కాళ్ల కింద వత్తుగా చేరుతుంది. అది ఎక్కడ పడకూడదో అక్కడ పడితే ఎట్లా గీయాలో యంత్రానికి తోచలేదు. తోచకపోతే ఒక చుక్కల వలయం గీసి ఊరుకోవచ్చు. అది కూలిపోయింది. సందేశంగా ఎవరైనా పంపితే, అందుకొన్నవారి ప్రోగ్రాము మూతపడి మళ్లీ తెరుచుకోదు. ఫిబ్రవరి 19న దిద్దుబాటు వచ్చింది. ఆ నాలుగు రోజులూ పరాయి దేశాలవారు మన అక్షరాన్ని ఒకరి మీదకొకరు బాణంలాగా విసురుకొని ఆడుకొన్నారు. తెలుగు బాంబు అని పేరు పెట్టారు. మా అబ్బాయి స్నేహితులు నవ్వుకొన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ వ్యవస్థను విడుదల చేయకముందు, తెలుగు రోజూ కొట్టే ఒక మనిషిని, లీసా నాడు కూర్చోబెట్టినట్టు, దాని ముందు కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో అనుకొన్నాను.

కూర్చోబెట్టి చూడడమంటే నాకు గుర్తుకు వచ్చేది చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మమ్మ భుజాలు పట్టుకుపోవడం చూస్తూ పెరిగి, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆయన ఆ పనికి యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నా దస్త్రంలో సగం కొట్టిన మాట కూడా అదే కావడం కాకతాళీయమే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు దిద్దుబాట్లు రావడం ఆగిపోయాయి కాబట్టి మళ్లీ యంత్రం మార్చాలని మా అబ్బాయి అంటున్నాడు. కొత్తదానిలో స్టార్ట్ మీట ఎడమ మూల నుంచి నడిమికి జరిగిందట. సరే, వెతుక్కొంటాను. 'సు'ను ముందుగా పంపి, ఎనిమిదివందల పైచిలుకు మాటలను దాని వెనుక మూడు చోట్ల పెడతాను. కాగితం మీద కూడా అచ్చు తీసి ఉంచాను.

చీరాల, వేటపాలెం, పేరాల వైపు మగ్గం ఇళ్ల మిత్రులు ఎవరైనా ఇది చదివితే, నూలు తెగినప్పుడు మీ పెద్దవాళ్లు ఏమనేవారో గుర్తున్నంత మేరకు రాసి పంపండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, మాట చాలు. నా చెవిలో మిగిలిన వాటితో పోల్చి చూసుకొంటాను.